బొమ్మకు బరువు ఎలా వస్తుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

(ఈ నెల విషయం: క్యారెక్టర్ యానిమేషన్ చదువు. జవాబులు రాస్తున్నది గుంటూరు నుంచి వచ్చి హైదరాబాదులో ఆ చదువు చివరి సంవత్సరంలో ఉన్న విద్యార్థిని.)

సంపాదకులు నాకు పంపిన ఉత్తరాల కట్టలో సగానికి పైగా తల్లిదండ్రులవే. తర్వాతి వాటా ఇంజనీరింగ్ మధ్యలో మానేద్దామా అని ఊగిసలాడుతున్న కుర్రాళ్లది. ఆ రెండు రకాల నుంచీ ఒక్కొక్కటి తీసుకుని, మిగిలిన చోటంతా నాకు నచ్చిన ఉత్తరాలకు ఇచ్చుకున్నాను. జవాబుల్లోకి వెళ్లే ముందు ఒక విషయం. క్యారెక్టర్ యానిమేషన్ అంటే బొమ్మ తయారు చేయడం కాదు. బొమ్మను మలిచేవారు వేరు, లోపల ఎముకలు, కీళ్లు బిగించేవారు వేరు (ఆ ఎముకల గూడునే రిగ్ అంటాం), రంగులు, వెలుతురు చూసేవారు వేరు. చేతులు చాచి, కళ్లు తెరిచి, ప్రాణం లేకుండా నిలబడి ఉన్న బొమ్మ మా దగ్గరకు వస్తుంది. దాన్ని నడిపించడం, ఏడిపించడం, బస్తా ఎత్తించడం మా వంతు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ పూర్తి చేశాడు. యానిమేషన్ తప్ప ఏదీ చదవనంటున్నాడు. మా ఊళ్లో ఒక శిక్షణ సంస్థవారు మూడు లక్షలు కట్టమంటున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. వాడికి బొమ్మలు వేయడం అంతంత మాత్రం. చేర్పించమంటారా?
— ఒక తల్లి, రాజమహేంద్రవరం

అమ్మా, ఆ మూడు లక్షలు కొన్నాళ్లు బ్యాంకులోనే ఉండనివ్వండి. ఈలోగా మీవాడికి ఒక మౌస్ కొనిపెట్టండి, మధ్యలోని చక్రం గట్టిగా నొక్కగలిగేది. వేళ్లతో తడిమే లాప్‌టాప్ పలకమీద ఈ పని సాగదు. బొమ్మ చుట్టూ తిరిగి చూడాలంటే ఆ చక్రం నొక్కి పట్టుకోవాలి, రోజుకు కొన్ని వందల సార్లు. కంప్యూటర్ ఇంట్లో ఉన్నదే సరిపోవచ్చు, మరీ పాతదైతే తప్ప. బొమ్మను కదిలించడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. దాన్ని వెలుతురుతో, నీడలతో సినిమాలో కనిపించినట్టు తయారు చేసేటప్పుడే యంత్రం మూలుగుతుంది. ఆ పని మీవాడికి ఇప్పట్లో రాదు.

బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. దొంగచాటుగా ఉచితం కాదు, చట్టప్రకారమే ఉచితం. 2002లో దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడితే, వాడుకునేవాళ్లే చందాలు వేసుకుని లక్ష యూరోలు పోగు చేసి దాన్ని విడిపించుకున్నారు. అప్పటినుంచి దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. స్టూడియోలలో ఎక్కువగా కనిపించే మాయా అనే సాఫ్ట్‌వేర్ ఖరీదైనదే కాని, విద్యార్థినని రుజువు చూపిస్తే చదువుకునేవారికి డబ్బు లేకుండానే ఇస్తారు. కాబట్టి సాఫ్ట్‌వేర్ నేర్పడానికే మూడు లక్షలు అంటే నమ్మకండి.

మీవాణ్ని రెండు బంతులు చేయమనండి. ఒకటి రబ్బరుది, ఒకటి ఇనుపది. రెండూ ఒకే రంగు, ఒకే పరిమాణం. రెండూ పైనుంచి కిందపడి ఎగరాలి, ఆగాలి. వాడు ఏమీ చెప్పకుండానే ఏది రబ్బరో ఏది ఇనుమో మీకు తెలిసిపోతే చదివించవచ్చు. మీరు టీవీ చూస్తున్నప్పుడు తెచ్చి చూపించమనండి, మొహమాటం లేకుండా చెప్పండి. మా అధ్యాపకులు మాకు పెట్టిన మొదటి పరీక్షా ఇదే.

బొమ్మలు వేయడం రాకపోతే కొంప మునగదు. అందంగా వేయనక్కరలేదు. గీతల మనిషిని వేసి, వాడు అలసిపోయి ఉన్నాడో హుషారుగా ఉన్నాడో వెన్ను వంపులో చూపించగలిగితే చాలు. అది కూడా రాదంటే నేర్చుకోవాల్సిందే, తప్పదు.

ఇక గ్యారంటీ సంగతి. ఏ ఉద్యోగానికి గ్యారంటీ అని సూటిగా అడగండి. చాలాచోట్ల ఆ ఉద్యోగం రోటో అని తేలుతుంది. అంటే సినిమా దృశ్యంలో నటుడి అంచుల వెంబడి ఫ్రేము ఫ్రేముకీ (సినిమాలోని ఒక్కో నిశ్చల చిత్రం ఒక ఫ్రేము) గీత గీసి అతణ్ని వెనకున్న దృశ్యం నుంచి వేరు చేయడం. గౌరవమైన పనే, ఓపిక కావాలి, నా స్నేహితులు చేస్తున్నారు. కాని అది క్యారెక్టర్ యానిమేషన్ కాదు. మీవాడు కలగంటున్నది అది కాదేమో అడిగి చూడండి. ఆ సంస్థలో చదివిన పిల్లల పనితనం వీడియోలు చూపించమనండి. చూపించిన ప్రతి ముక్కలోనూ ‘ఇందులో మీ విద్యార్థి స్వయంగా చేసినదేది’ అని అడగండి. మాట తడబడితే లేచి వచ్చేయండి. డిగ్రీ కావాలంటే హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్‌లో బి.ఎఫ్.ఏ. ఉంది. అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ (ఎన్.ఐ.డి.)లోనూ యానిమేషన్‌లో డిగ్రీ ఉంది. రెండింటికీ ప్రవేశ పరీక్షలుంటాయి. గ్యారంటీలుండవు.

ప్రశ్న: మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. బ్లెండర్ సొంతంగా నేర్చుకున్నాను. మీటలన్నీ వచ్చు. కాని నా బొమ్మ నడిస్తే నీళ్లలో నడిచినట్టుంటుంది. ఏదైనా ఎత్తితే గాలి ఊదిన బుడగను ఎత్తినట్టుంటుంది. లోపం ఎక్కడ?
— ఒక విద్యార్థి, విశాఖపట్నం

ఈ ఒక్క ప్రశ్నకే ఈ పేజీలన్నీ ఇవ్వమన్నా ఇస్తాను. మా తరగతిలో మొదటి ఆరు నెలలూ అందరి బొమ్మలూ నీళ్లలోనే నడిచాయి.

లోపం మీటల్లో లేదు, మీరు కంప్యూటర్‌ను నమ్మడంలో ఉంది. ఒకటో ఫ్రేములో చెయ్యి కింద పెట్టారు, ఇరవై నాలుగో ఫ్రేములో పైన పెట్టారు. మధ్యలో ఉన్నదంతా కంప్యూటరే నింపేసింది. చేతితో బొమ్మలు గీసే రోజుల్లో కూడా ఇలాగే పెద్ద యానిమేటర్ ముఖ్యమైన భంగిమలు గీస్తే, మధ్య బొమ్మలు సహాయకుడు గీసేవాడు. కాని పెద్దాయన పక్కన ఒక చిన్న గీతల పట్టీ వేసి ఇచ్చేవాడు: ఇక్కడ దగ్గరదగ్గరగా వెయ్యి, ఇక్కడ దూరందూరంగా వెయ్యి అని. కంప్యూటర్‌కు మీరు ఆ పట్టీ ఇవ్వలేదు. ఇవ్వకపోతే అది ఊరుకోదు, తనకు తోచినట్టు నింపుతుంది. దానికి తోచేది ఒక్కటే: ప్రతి కదలికా మెల్లగా మొదలై, మెల్లగా ఆగడం. తల, భుజం, మోచెయ్యి, మణికట్టు అన్నీ ఒకే క్షణంలో బయలుదేరి ఒకే క్షణంలో చేరడం. అదే మీ నీళ్లు.

దీన్ని కళ్లతో చూడాలంటే బంతిని తీసుకోండి. అది ఎగిరి పడుతున్నప్పుడు ఎత్తు ఎలా మారుతోందో గ్రాఫ్ ఎడిటర్‌లో గీతగా కనిపిస్తుంది. నేలను తాకే చోట కంప్యూటర్ ఆ గీతను గిన్నె అడుగులా గుండ్రంగా తిప్పుతుంది. అంటే బంతి నేలకు దగ్గరవుతూ వేగం తగ్గించుకుంటోందన్నమాట. ఏ బంతీ అలా చేయదు. నేలను తాకే క్షణంలోనే దాని వేగం అన్నిటికంటే ఎక్కువ. అక్కడ గీత కోసుగా విరగాలి. పైన శిఖరం దగ్గర మాత్రం గుండ్రంగా, తీరిగ్గా ఉండాలి. ఆ కింది బిందువు దగ్గర గీతను వంచే రెండు పక్కల పిడులూ విడదీసి, కోణంగా విరిచి, మళ్లీ ఆడించి చూడండి. మెకానికల్ చదివేవారికి గురుత్వాకర్షణ గురించి నేను చెప్పనక్కరలేదు. పరీక్షలో రాసే ఆ సమీకరణాన్నే ఇక్కడ చేత్తో లాగుతున్నారు, అంతే.

నడకకు వద్దాం. సెకనుకు 24 ఫ్రేములు. మామూలు మనిషి నడకలో ఒక అడుగుకు సుమారు 12 ఫ్రేములు, రెండడుగులకు సెకను. ప్రతి అడుగులో నాలుగు భంగిమలు: మడమ నేలను తాకడం, ఒళ్లు కిందికి దిగడం, కాలు కాలిని దాటడం, ఒళ్లు పైకి లేవడం. కొత్తవారి నడకల్లో మొదటిదీ మూడోదీ ఉంటాయి. రెండోది మరిచిపోతారు. మడమ తాకిన రెండు మూడు ఫ్రేముల తర్వాత మోకాలు కాస్త ముడుచుకుని నడుము అన్నిటికంటే కిందికి రావాలి, ఎందుకంటే ఒళ్లంతా ఆ కాలి మీద అప్పుడే పడింది. మీ బొమ్మ నడుము ఎత్తు చూపించే గీతను ఒకసారి తెరవండి. రెండడుగులకు రెండు గుట్టలు కనిపించాలి. మీ గీత చెరువు నీటిమట్టంలా తిన్నగా ఉంటుందని పందెం కాస్తాను. తర్వాత ముందునుంచి చూడండి. ఒంటికాలి మీద నిలబడిన క్షణంలో నడుము ఆ కాలి వైపు జరగాలి, లేకపోతే మనిషి పడిపోతాడు. మీ బొమ్మ పడిపోవడం లేదంటే దాన్ని ఏ దారమో పైనుంచి పట్టుకున్నట్టే చూసేవాడికి అనిపిస్తుంది.

మరో చిట్కా. మొదట్లో మధ్య ఫ్రేములు నింపే అధికారాన్ని కంప్యూటర్ నుంచి తీసేసుకోండి. బ్లెండర్‌లో కాన్‌స్టంట్ అని, మాయాలో స్టెప్డ్ అని ఉంటుంది. బొమ్మ ఒక భంగిమ నుంచి మరో భంగిమకు టక్కున దూకుతుంది. ఆ దూకుళ్లలోనే కథ అర్థమైతే మధ్యవి నింపుకోవచ్చు. నింపగానే అంతా మళ్లీ నీరుగారిపోతుంది, కంగారు పడకండి. అసలు పని అక్కడే మొదలవుతుంది.

బరువు గురించి చెప్పే ముందు మా నాన్న గురించి చెప్పాలి. ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తా. బరువెత్తే పాఠం వచ్చినప్పుడు తరగతిలో అందరూ జిమ్ముల వీడియోలు వెతుక్కుంటుంటే నేను సెలవులకు ఇంటికి వెళ్లి యార్డులో హమాలీలను ఫోనులో తీసుకున్నాను, వారిని అడిగే తీశాను. దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ తీశాను. యార్డులోనే పుట్టి పెరిగి మిర్చి ఘాటుకు అలవాటు పడినవాళ్లకు అది నవ్వులాట. టిక్కీ అంటే మిర్చి బస్తా, నలభై కిలోలు దాటుతుంది.

ఆ వీడియోను ఫ్రేము ఫ్రేముగా జరిపి చూస్తే కనిపించినవి ఇవి. కొక్కెం బస్తాలో గుచ్చే ముందే పాదాలు సర్దుకుంటాయి, ఒకటి కాస్త ముందుకు, ఒకటి పక్కకు. చూపు బస్తా మీద ఉండదు, దాన్ని వేయాల్సిన చోటి మీద ఉంటుంది. కొక్కెం గుచ్చాక ఎత్తడు. ముందు బస్తాను తనవైపు చిన్నగా ఊపుతాడు. నడుము బస్తా కిందికి వెళుతుంది, మోకాళ్లు ముడుచుకుంటాయి, భుజం బిగుసుకుంటుంది, మెడనరం లేస్తుంది. ఇంత జరుగుతున్నా బస్తా అక్కడే ఉంటుంది. కొన్ని ఫ్రేములపాటు ఒళ్లంతా కదిలింది, టిక్కీ మాత్రం కదలలేదు. టిక్కీ కదలని ఆ కాసిని ఫ్రేములే దాని బరువు. ఆ తర్వాత అది మెల్లగా రాదు, ఒక్కసారిగా వీపెక్కుతుంది. అది రాకముందే తల రెండోపక్కకు ఒరిగి చోటిస్తుంది. మొదటి అడుగు పొట్టిది, తొందరది. ఆ నడకలో మోకాలు ఎప్పుడూ పూర్తిగా నిటారు కాదు. దించాక కూడా వెన్ను ఒకేసారి లేవదు, సగం లేచి, ఊపిరి తీసుకుని, తక్కిన సగం లేస్తుంది.

మీ బొమ్మలో మీరు చెయ్యినీ వస్తువునూ ఒకే ఫ్రేములో బయలుదేరదీశారు. అందుకే బుడగ.

రెండు జాగ్రత్తలు. ఫోను మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. దాన్ని 24కు మార్చుకోకుండా ఫ్రేములు లెక్కపెట్టుకుంటే మీ హమాలీ నీరసంగా పనిచేస్తాడు. రెండోది, వీడియోను అచ్చంగా దించకండి. ఉన్నదున్నట్టు దించిన కదలిక బొమ్మ మీద చప్పగా ఉంటుంది, ఎందుకో ఒకసారి చేసి చూస్తే తెలుస్తుంది. పాదాల సర్దుబాటును కొంచెం పెంచండి, ఆ ఎదురుచూపును రెండు ఫ్రేములు పొడిగించండి. మరి వీడియో దేనికి అంటారా? కంటిని నమ్మలేం కనుక. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ గాల్లో ఉన్నప్పుడు ముందుకీ వెనక్కీ చాచి ఉంటాయని చిత్రకారులు తరతరాలుగా గీశారు. 1878లో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ వరుస కెమెరాలతో ఫోటోలు తీస్తే ఆ క్షణంలో కాళ్లు పొట్టకిందకు ముడుచుకుని ఉన్నాయని తేలింది.

ప్రశ్న: పాతికేళ్లుగా కూచిపూడి నేర్పుతున్నాను. నా శిష్యురాలు ఒకతి యానిమేషన్‌లో చేరింది. నేర్చుకున్న అభినయం ఆమెకు అక్కరకు వస్తుందా, లేక మరిచిపొమ్మంటారా?
— ఒక నాట్యగురువు, మచిలీపట్నం

గురువుగారూ, వస్తుంది. కాని మొదట్లో కాస్త అడ్డం కూడా పడుతుంది. మా తరగతిలో నాట్యం నేర్చుకున్న అమ్మాయి ఉంది, ఆమెను దగ్గరనుంచి చూసి చెబుతున్నాను.

మీరు చెయ్యి ఎటు వెళితే చూపు అటు వెళ్లాలని నేర్పుతారు. రంగస్థలం మీద అది అవసరం, వెనక వరుసలో కూర్చున్నవారు చేతిని చూసి కంటిని చేరుకుంటారు. మామూలు మనిషిలో వరుస తలకిందులు. వంటింట్లో కూర తరుగుతున్న ఆవిడకు వీధి తలుపు చప్పుడైంది. ముందు కళ్లు అటు తిరుగుతాయి. రెండు మూడు ఫ్రేముల తర్వాత తల. ఆ తర్వాత భుజాలు. కత్తి పట్టుకున్న చెయ్యి చివరికి ఆగుతుంది, ఒక్కోసారి ఇంకో ముక్క తరిగి మరీ ఆగుతుంది. కంటి పాప కూడా జారుతూ పోదు, ఒక చోటి నుంచి మరో చోటికి ఎగిరి కూర్చుంటుంది. తల వేగంగా తిప్పేటప్పుడు రెప్ప పడుతుంది. ఆ అమ్మాయి చేసిన మొదటి దృశ్యంలో పాత్ర తలుపు తీసేటప్పుడు కూడా చెయ్యి ముందు, చూపు వెనక. చూడముచ్చటగా ఉంది, కాని ఆ పాత్ర తలుపు తీయడం లేదు, తలుపు తీయడాన్ని అభినయిస్తోంది.

ఇంకొకటి తాళం. ఏ కదలికైనా దెబ్బ మీద ముగియాలని ఆమె ఒంటికి అలవాటు. మాటల దృశ్యంలో ప్రతి చేతి ఊపూ మాట ఒత్తు మీదే పడుతుంటే కీ ఇచ్చిన బొమ్మలా ఉంటుంది. చెయ్యి మాటకు కాస్త ముందే వెళ్లాలి, ఆలోచన ముందు కదా. అలాగే రెండు చేతులూ ఒకే పని ఒకేసారి చేయడం నాట్యంలో అందం, మా దగ్గర దోషం. దానికి ట్విన్నింగ్ అని పేరు పెట్టుకుని మరీ దిద్దుతారు.

ఇవి దిద్దుకున్నాక ఆమె మమ్మల్నందరినీ దాటిపోయింది. అరమండిలో కూర్చున్న కాళ్లకు ఒంటి బరువు ఎక్కడ ఆనుతుందో పుస్తకం చూసి నేర్చుకోనక్కరలేదు. చెయ్యి తిన్నటి గీతలో కాక వంపులో వెళ్లాలని మాకు అధ్యాపకులు నెలల తరబడి చెప్పారు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. అన్నిటికంటే ముఖ్యం, ఒకే వాక్యం మీద భావం మారడం. పదం ఒకటే, సంచారి మారుతూ పోతుంది కదా. పాత్ర ముఖంలో ఒక ఆలోచన పోయి ఇంకోటి వచ్చే ఆ సందును పట్టుకోవడం మాకు ఇప్పటికీ కష్టమే. మీ శిష్యురాలితో మరిచిపొమ్మని అనకండి. ఇంట్లో పని చేసుకునే ఆడవాళ్లను కూడా గమనించమని చెప్పండి.

ప్రశ్న: మా పాప ఇక్కడే పుట్టింది. తెలుగు వస్తుందని తెలుగులో డబ్బింగ్ చేసిన కార్టూన్లు చూపిస్తుంటాం. ‘అమ్మా, వీళ్ల నోరు వేరే మాట్లాడుతోంది’ అంటుంది. నిజమేనా, దాని భ్రమా?
— ఒక పాఠకురాలు, డాలస్

పాప చెప్పినది నిజమే. పిల్లలు పెదవులు చూసి మాటలు నేర్చుకుంటారు, వాళ్లను ఏమార్చలేం. ఆ బొమ్మల నోళ్లు ఇంకో భాష మాటలకు గీసినవి. తెలుగు వాటిమీద అతికించినది. టీవీ కోసం తక్కువ ఖర్చులో చేసేవాటిలో నోటికి కొద్ది ఆకారాలే ఉంటాయి, అవే మూసుకుని తెరుచుకుంటుంటాయి.

తెలుగు మాటలకే నేరుగా నోరు కదిలిస్తే ఎలా ఉంటుందో చూడాలని నేనూ నా స్నేహితురాలూ మా అమ్మమ్మ గొంతు రికార్డు చేసుకుని ఒక దృశ్యం చేశాం. ఆవిడ పాలవాడితో గొడవ పడుతున్న ముక్క అది. (అనుమతి తర్వాత తీసుకున్నాం. పాలవాడి అనుమతి కూడా.) మాకు క్లాసులో ఇచ్చిన నోటి ఆకారాల పట్టిక ఇంగ్లీషుకు తయారు చేసినది. దాంతో మొదలుపెడితే అమ్మమ్మ ఎవరో విదేశీయురాలిలా తయారైంది. ప, బ, మ వచ్చినచోట పెదవులు కలవాల్సిందే, అందులో రాజీ లేదు. కాని తెలుగులో ఒత్తులున్నాయి. ‘అమ్మ’, ‘డబ్బు’, ‘చెప్పు’ అనేటప్పుడు పెదవులు కలిసి కాసేపు అలాగే ఉంటాయి. ఒక్క ఫ్రేము మూసి తెరిస్తే ఒత్తు పోతుంది, మూడు నాలుగు ఫ్రేములు మూసి ఉంచాల్సి వచ్చింది. ట, డ, ణ, ళ పలికేది నోటి లోపల, నాలుక మడిచి. బయటికి దాదాపు ఏమీ కనిపించదు, వాటికి నోరు తెరిపించడం వృథా ప్రయాస. మన మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి వాక్యం అయిపోగానే నోరు టపీమని మూసుకోకూడదు, ఆ అచ్చు ఆకారంలోనే కాస్త సద్దుమణగాలి. శబ్దం వినపడేదానికి ఒకటి రెండు ఫ్రేముల ముందే పెదవుల ఆకారం సిద్ధంగా ఉండాలి, ఇది ఏ భాషకైనా ఒకటే.

పాపతో ఒక ఆట ఆడండి. అరచెయ్యి తిరగేసి గడ్డం కింద ఆనించుకుని ‘అన్నం తిన్నావా’ అనమనండి. గడ్డం ఎన్నిసార్లు చేతిని నెట్టిందో లెక్కపెట్టమనండి. మేము బొమ్మకు ముందుగా పెట్టేది ఆ దవడ కదలికలే. పెదవులు తర్వాత.

ప్రశ్న: మా జిల్లా నిమ్మలకుంట తోలుబొమ్మల గురించి మీ చదువులో చెబుతారా?
— ఒక ఉపాధ్యాయుడు, ధర్మవరం

సిలబస్‌లో లేదు మాస్టారూ. ఉండాల్సింది. నేను చూసినది ఒక ప్రదర్శనలోనే, ఆట అయిపోయాక తెరవెనక్కి వెళ్లి బొమ్మలను పట్టుకుని చూడనిచ్చారు. మేకతోలును పలచగా చేసి, రంగులద్ది, భుజం, మోచెయ్యి, మోకాలు దగ్గర ముక్కలుగా కోసి దారంతో కుట్టిన కీళ్లు. మధ్యలో ఒక కర్ర బొమ్మ ఒంటికి, చేతులకు వేరే పుల్లలు. కాళ్లకు ఏమీ లేదు! అవి వేలాడుతూ ఉంటాయి. కళాకారుడు మధ్యకర్రను ఒక్క విదిలింపు విదిలిస్తే ఒళ్లు ముందు తిరుగుతుంది, తొడ దాని వెనక, పిక్క దాని వెనక, పాదం అన్నిటికంటే చివర. ఆలస్యంగా వచ్చి, కాస్త దాటిపోయి, వెనక్కి వచ్చి ఆగుతుంది. ఈ వెనకపడటాన్ని మేము ఒక్కో ఎముకకూ విడివిడిగా రెండేసి ఫ్రేములు జరుపుకుంటూ రాత్రంతా కూర్చుని చేస్తాం. ఆయనకు గురుత్వాకర్షణ ఉచితంగా చేసిపెడుతోంది. ఈ కళకు 2020లో దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ వచ్చింది. మా కాలేజీలో ఒక వారం ఆయన ఊరికి తీసుకెళ్లమని అర్జీ పెట్టాం, జవాబు రావాల్సి ఉంది.

ప్రశ్న: పిల్లలు చూసే బొమ్మలాటకు నాలుగేళ్ల చదువా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, కరీంనగర్

బాబాయిగారూ, 2012లో ‘ఈగ’ చూశారా? మాట్లాడలేని, ముఖంలో కండరాలే లేని ఒక ఈగ పగబట్టిందని కాళ్ల కదలికలతో, తల వంపుతో మీరు నమ్మారు. దాన్ని కదిలించినది హైదరాబాదు మకుట స్టూడియోలోని యానిమేటర్లు. వారిలో ఎవరికైనా నాలుగేళ్లు సరిపోయి ఉంటాయని నేననుకోను.

ప్రశ్న: కృత్రిమ మేధ మాటతో వీడియోలు తయారు చేసేస్తోంది. మీ చదువు పూర్తయ్యేసరికి ఉద్యోగాలుంటాయా? నిజం చెప్పండి.
— ఒక పాఠకుడు, వరంగల్

మా నాన్న కూడా ప్రతి ఆదివారం ఫోనులో ఇదే అడుగుతారు, కాబట్టి జవాబు కంఠతా వచ్చు. కొన్ని ఉండవు. పైన చెప్పిన రోటో లాంటి పనుల్లో చాలా భాగం యంత్రమే చేసేస్తుంది, ఇప్పటికే చేస్తోంది. అందులో చేరబోయేవారికి ఆ సంగతి ముందే చెప్పాలి.

ఈ రంగంలో స్థిరత్వం ఇప్పుడు కొత్తగా పోయినదేమీ కాదు. హైదరాబాదులోనూ శాఖ ఉన్న రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా కంపెనీ 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో ‘లైఫ్ ఆఫ్ పై’ సినిమాలో అది చేసిన పులికి ఆస్కార్ వచ్చింది. ఆస్కార్ వచ్చిన పని చేసినవారు ఉద్యోగం వెతుక్కున్న సంగతి మా అధ్యాపకులు మొదటి సంవత్సరంలోనే చెప్పారు, భయపెట్టడానికి కాదు, పొదుపు నేర్పడానికి.

నటుడి ఒంటికి చుక్కలు అతికించి కదలికను పట్టుకునే పద్ధతి వచ్చినప్పుడు కూడా ఇక యానిమేటర్లు ఎందుకన్నారట. ఆ పట్టుకున్న కదలిక తీసుకొచ్చి మా ముందు పెడితే, జారే పాదాలు నిలబెట్టడం, వణికే మణికట్టు సర్దడం, లేని బరువు పెట్టడం మళ్లీ మా పనే అయింది. ఇప్పుడు యంత్రం పూర్తి దృశ్యమే ఇస్తోంది, నిజమే. కాని దర్శకుడు ‘అంతా బాగుంది, వాడు గ్లాసు అందుకునే ముందు కొంచెం సందేహించాలి, తక్కినదేదీ మారకూడదు’ అన్నప్పుడు ఆ కొంచెం ఎన్ని ఫ్రేములో ఎవరికో ఒకరికి తెలిసి ఉండాలి. ఆ తెలిసినవారి సంఖ్య ఇప్పుడున్నంత అవసరం ఉంటుందా అంటే, ఉండదేమోనని నా అనుమానం. అందుకే నేను వీడియో ఆటల కంపెనీలకూ దరఖాస్తు చేస్తున్నాను. అక్కడ పాత్ర ఆటగాడి మీటకు వెంటనే స్పందించాలి, అది వేరే విద్య. ఇంజనీరింగ్ చదివిన స్నేహితుల మొదటి జీతంతో పోల్చుకోవడం మానేశాను, మీరూ మానేయండి.

ఉద్యోగం కోసం పంపే వీడియో గురించి చాలామంది అడిగారు, ఇక్కడే చెప్పేస్తాను. నిమిషం దాటవద్దు. అన్నిటికంటే మంచిది ముందు పెట్టండి, చూసేవారు ఇరవై సెకన్లకు ఆపేయవచ్చు. గిరగిరా తిరిగే మీ పేరు వద్దు, చెవులు పగిలే పాట వద్దు. అనుమానం ఉన్న ముక్క ఏదైనా ఉంటే తీసేయండి.

ప్రశ్న: అక్కా, నేను ఏడో తరగతి. మా కుక్కను బొమ్మగా చేసి నడిపించాలి. నాలుగు కాళ్లు ఎలా కదపాలి?
— ఒక విద్యార్థిని, ఒంగోలు

మంచి ప్రశ్న. ముందు ఒక మాట అడుగుతాను, మీ కుక్క నడిచేటప్పుడు ఏ కాలు ముందు కదుపుతుందో ఎప్పుడైనా చూశావా? ఇంట్లో ఎవరి ఫోనైనా తీసుకుని, నేలకు దగ్గరగా, పక్కనుంచి పట్టుకో. పైనుంచి తీస్తే కాళ్లు కనిపించవు. కుక్కను పిలవకు, పిలిస్తే పరుగెత్తుకొస్తుంది. మీ అమ్మను దూరంగా అన్నం గిన్నె పట్టుకుని మెల్లగా నడవమను, అది వెంట నడుస్తుంది.

తర్వాత వీడియోను ఆపుతూ ఆపుతూ చూడు. ఎడమవైపు వెనక కాలు, వెంటనే ఎడమవైపు ముందు కాలు. తర్వాత కుడివైపు వెనక కాలు, కుడివైపు ముందు కాలు. ఇదీ వరుస. వెనక పాదం ఇంచుమించు ముందు పాదం లేచిన చోటే పడుతుంది, అది కూడా చూడు. కాళ్లు సరిగ్గా వచ్చేదాకా తోక జోలికి వెళ్లకు, చెవుల జోలికి అసలు వెళ్లకు. ఒక నోటుబుక్కు తీసుకుని పేజీల మూలల్లో పెన్సిలుతో వేసినా చాలు, కంప్యూటర్ అక్కరలేదు. పరుగు లెక్క పూర్తిగా వేరు. నడక వచ్చాక రాయి, అప్పుడు చెబుతాను.